గోడ ఎంత... టీవీ అంత!

షోరూంలో చూస్తే అద్భుతం. ఇంటికి తెచ్చాక అవస్థ. కొత్త టీవీ కొన్న చాలామంది అనుభవం ఇదే. తప్పు టీవీది కాదు, కొలతది. అందులోనూ పదడుగుల హాలు, అద్దె గది, సింగిల్‌ బెడ్‌రూమ్‌ ఫ్లాటు... ఇలాంటిచోట పెట్టడానికి టీవీ కొనాలంటే ముందు వెళ్లాల్సింది షోరూంకి కాదు, టేపు పట్టుకుని మన ఇంటి గోడ దగ్గరికే!

దసరాకి ఇంకా పదిరోజులుంది. హైదరాబాద్‌ కూకట్‌పల్లిలో ఓ డబుల్‌ బెడ్‌రూమ్‌ ఫ్లాటు. పేరుకి డబులే కానీ హాలు పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. సోఫా అందులోనే, భోజనాల బల్లా అందులోనే. ఓ మూలన నాన్నమ్మ మంచం. పదో తరగతి చదివే మనవరాలి పుస్తకాలు ఆ బల్ల మీదే. పదేళ్లనాటి 32 అంగుళాల టీవీలో నిలువు గీతలు మొదలయ్యాయి. ఇక కొత్తది కొనక తప్పదు.

‘ఈసారి 65 అంగుళాలది తీసుకుందాం. ఈఎంఐ ఇస్తున్నారు, పాతది ఎక్స్‌ఛేంజ్‌ చేసుకుంటామంటున్నారు’ అన్నాడు ఆ ఇంటాయన.

‘థియేటర్‌లా ఉంటుంది నాన్నా’ ఎగిరి గంతేశాడు ఆరో తరగతి కొడుకు.

‘అంత టీవీ పెట్టి నన్నెక్కడ పెడతార్రా?’ అంది నాన్నమ్మ.

అందరూ నవ్వారు. కానీ ఆవిడ నవ్వులాటకి అనలేదు. చిన్న ఇంట్లో హాలంటే ఒక్క హాలు కాదు. పొద్దున అది చదువుల గది, మధ్యాహ్నం భోజనాల గది, సాయంత్రం సినిమా హాలు, రాత్రికి పడగ్గది. టీవీ వచ్చి కూర్చునేది వీటన్నిటి మధ్యలో. అందుకే ‘ఎంత పెద్దది కొనగలం’ అన్న ప్రశ్న కన్నా ‘మన గది ఎంతవరకు ఒప్పుకుంటుంది’ అన్న ప్రశ్నే ముఖ్యం.

అంగుళాలంటే అడ్డం కాదు!

43 అంగుళాల టీవీ అంటే 43 అంగుళాల వెడల్పు ఉంటుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కాదు. తెర ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా కొలిస్తే వచ్చేది ఆ అంకె. గోడకి కావాల్సిన లెక్క వేరు. 32 అంగుళాల తెర అడ్డం 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. అదే 43 అంగుళాలదైతే 95, 54. 50 అయితే 111, 62. 55కి 122, 68. ఇక 65 అంగుళాలదైతే 144, 81. అంటే అడ్డమే దాదాపు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు! వీటికి అంచుల మందం అదనం.

ఇక్కడో చిన్న తమాషా ఉంది. పాత డబ్బా టీవీల తెర నాలుగు వంతుల అడ్డం, మూడు వంతుల ఎత్తు ఉండేది. ఇప్పటివి 16 వంతుల అడ్డం, 9 వంతుల ఎత్తు. అందుకే 29 అంగుళాల డబ్బా టీవీ తీసేసి 32 అంగుళాల పలుచటిది తెచ్చుకున్నవాళ్లు అప్పట్లో ‘అదేంటో, అంకె పెరిగింది కానీ మనుషులు పొట్టివాళ్లయ్యారు’ అనేవారు. వాళ్ల కళ్లు మోసం చేయలేదు. ఆ పాత తెర ఎత్తే నిజంగా కాస్త ఎక్కువ.

హైదరాబాద్‌ దూరదర్శన్‌ కేంద్రం 1977లో మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మన ఇళ్లలో టీవీ అంటే చెక్క తలుపుల పెట్టె. 21 అంగుళాల టీవీకి వెనక మరో అడుగున్నర దాకా ‘వీపు’ ఉండేది. పదడుగుల గదిలో దాని బల్లతో కలిపి రెండడుగులు పోయేవి. పలుచటి టీవీ వచ్చాక ఆ రెండడుగులు మనకి తిరిగొచ్చాయి. ఆ మిగిలిన జాగా చూసుకునే మనకి ధైర్యమొచ్చింది... ఇంకా పెద్దది, ఇంకా పెద్దది అనడానికి!

పాత ఫ్లాట్లలో హాలు గోడకి సిమెంటుతో కట్టిన షోకేసులు ఇంకా ఉన్నాయి. అవి 21 లేదా 29 అంగుళాల డబ్బాల కోసం చేయించినవి. వాటిలో 32 అంగుళాలది పట్టొచ్చు కానీ 43 పట్టడం కష్టం. పట్టినా వెనకా పైనా గాలాడకపోతే టీవీ వేడెక్కుతుంది. షోకేసు కొట్టించాలా, పక్క గోడ వెతుక్కోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

గోడ నుంచి గోడకి కాదు

‘మా హాలు పదడుగులు’ అంటే టీవీకీ మనకీ మధ్య పదడుగులున్నట్టు కాదు. సోఫాలో వెనక్కి ఆనుకుంటే మన తల గోడకి అడుగున్నర ముందుంటుంది. టీవీని బల్ల మీద పెడితే అది మరో అడుగు ముందుకొస్తుంది. గోడకి తగిలిస్తే మూడు నాలుగు అంగుళాలు. కాబట్టి పదడుగుల హాల్లో కంటికీ తెరకీ మధ్య మిగిలేది ఏడున్నర నుంచి ఎనిమిది అడుగులు. కొలవాల్సింది ఇదీ.

సినిమా, టీవీ సాంకేతిక నిపుణుల లెక్క ప్రకారం తెర మన కంటికి కనీసం 30 డిగ్రీల మేర కనిపిస్తే బొమ్మలో లీనమవుతాం. 40 డిగ్రీలైతే థియేటర్‌ అనుభూతి. దీన్ని మన భాషలో చెప్పుకోవాలంటే... తెర అంగుళాలని 1.6తో హెచ్చవేస్తే హాయిగా చూసే దూరం, 1.2తో హెచ్చవేస్తే అంతకన్నా దగ్గరికి వెళ్లకూడని దూరం వస్తాయి. ఆ లెక్కన 32 అంగుళాలకి మూడు నుంచి నాలుగున్నర అడుగులు. 43కి నాలుగున్నర నుంచి ఆరు. 50కి ఐదు నుంచి ఏడు. 55కి ఐదున్నర నుంచి ఏడున్నర. 65కి ఆరున్నర నుంచి తొమ్మిది అడుగులు.

ఆశ్చర్యంగా ఉందా? ఈ లెక్కన ఏడున్నర అడుగుల దూరానికి 65 అంగుళాలదీ సరిపోతుంది. ఆ ఇంటాయన కోరిక మరీ అన్యాయమైందేం కాదన్నమాట! అయితే ఈ సూత్రం దీపాలార్పి, ఎదురుగా కూర్చుని సినిమా చూసేవారి కోసం. మన ఇళ్లలో టీవీ అలా చూస్తామా? ఒకరు సోఫాలో, ఒకరు వంటింటి గుమ్మంలో, పిల్లాడు కంచం పట్టుకుని చాప మీద. ఆ పిల్లాడికీ తెరకీ మధ్య దూరం నాలుగైదు అడుగులే. వాడికి 65 అంగుళాల తెరంటే థియేటర్లో మొదటి వరసే. వార్తలూ సీరియళ్లూ చూడటానికి 30 డిగ్రీలు అక్కర్లేదు కూడా. అందుకే లెక్క వేసేటప్పుడు అందరికన్నా దగ్గర కూర్చునేదెవరు, దూరంగా కూర్చునేదెవరు అని ఇద్దరినీ చూసుకోవాలి. ఇద్దరికీ కుదిరే అంగుళాలే ఆ ఇంటి అంగుళాలు.

పేపర్‌ టీవీ పెట్టి చూడండి

ఇంతకన్నా సులువైన ఉపాయం మీ చేతిలోనే ఉంది... పాత పేపర్లు! మామూలు దినపత్రిక పేజీలు మూడు పక్కపక్కన అంటిస్తే దాదాపు 43 అంగుళాల టీవీ అంత ఉంటుంది. కావాల్సిన సైజుకి పైన చెప్పిన సెంటీమీటర్లు కొలిచి పేపర్లు కత్తిరించి, టేపుతో గోడకి అంటించండి. రెండు రోజులు అలాగే ఉంచండి.

ఆ రెండు రోజుల్లో చాలా తెలుస్తాయి. స్విచ్‌బోర్డు దాని వెనక్కి పోయిందా? బెడ్‌రూమ్‌ తలుపు తెరిస్తే అంచుకి తగులుతోందా? దేవుడి అరకి అడ్డమొస్తోందా? బాల్కనీ ఎండ దాని మీద పడుతోందా? కిందపడుకున్నవాళ్లు లేచేటప్పుడు తల తగులుతుందా? షోరూంలో ఎంత తెలివైన సేల్స్‌మన్‌ అయినా వీటికి జవాబు చెప్పలేడు. మీ గోడ చెబుతుంది.

షోరూం మాయ

షోరూంలో 55 అంగుళాల టీవీ చిన్నగా ఎందుకు కనిపిస్తుంది? పైకప్పు పన్నెండడుగుల ఎత్తుంటుంది. పక్కనే 75, ఆ పక్కన 85 ఉంటాయి. వాటి ముందు 55 తమ్ముడిలా నిలబడుతుంది. అదే టీవీ పదడుగుల హాల్లోకి వచ్చేసరికి పెద్దన్నయ్య అవుతుంది!

రంగులదీ అదే మాయ. అక్కడ టీవీలన్నీ ‘షాప్‌ మోడ్‌’లో ఉంటాయి. ట్యూబ్‌లైట్ల వెలుగులో కూడా కళ్లు చెదిరేలా వెలుతురూ రంగులూ పూర్తిగా పెంచి ఉంచుతారు. వేసే వీడియోలూ నెమళ్లు, పూలతోటలు, సముద్రాలే. సీరియల్‌ వేసి చూపించమనండి. క్రికెట్‌ వేయమనండి. ఓ వార్తల ఛానెల్‌ పెట్టి కింద పరిగెత్తే అక్షరాలు చదవగలుగుతున్నారేమో చూడండి. ‘హోమ్‌ మోడ్‌’కో ‘సినిమా మోడ్‌’కో మార్చమని అడగండి. ఇంటికొచ్చాక కూడా అలాగే ఉంచుకుంటే కంటికి హాయి, కరెంటూ ఆదా. స్టార్‌ లేబుల్‌ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది. సైజు పెరిగేకొద్దీ ఆ అంకె ఎలా పెరుగుతోందో పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకప్పుడు 32 అంగుళాల దగ్గర ఆగిపోవడానికి పన్ను కూడా ఓ కారణం. అంతకన్నా పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18 శాతమే చేశారు. ఇప్పుడు పన్నుకి భయపడి చిన్నది కొనక్కర్లేదు. అలాగని పన్ను తగ్గిందని పెద్దది కొనక్కర్లేదు!

4కె... ఎవరికి కనిపిస్తుంది?

తెర మీద చుక్కలెన్ని ఉంటే బొమ్మ అంత స్పష్టం. హెచ్‌డీ రెడీ టీవీలో పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్‌ హెచ్‌డీలో దాదాపు 21 లక్షలు. 4కెలో 83 లక్షలు. వినడానికి బాగుంది కదా! కానీ మామూలు కంటిచూపుకి ఓ హద్దుంది. 50 అంగుళాల తెరని ఏడడుగుల అవతల నుంచి చూస్తే ఫుల్‌ హెచ్‌డీకీ 4కెకీ తేడా కనిపెట్టడం కష్టం. ఇప్పుడు 43 అంగుళాలు, ఆపైన దొరికేవి ఎక్కువగా 4కెనే కాబట్టి అక్కడ ఎంచుకునేదేం లేదు. అంతకుమించి 8కె అంటూ ఎవరైనా చెబితే మాత్రం చిన్న గదికి అది దండగే.

పైగా తెరలో ఎన్ని చుక్కలున్నా వచ్చే బొమ్మలో ఉండాలి కదా. మామూలు ఎస్‌డీ ఛానెల్‌ బొమ్మలో ఉండేవి నాలుగు లక్షల చుక్కలే. ఆ నాలుగు లక్షల్ని 83 లక్షల మీదకి సాగదీస్తే ముఖాలు అలుక్కుపోతాయి. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ అలుకు ఇంకా తెలుస్తుంది. కేబుల్లో ఎస్‌డీ ఛానెళ్లే చూసే ఇంటికి 65 అంగుళాలు తెస్తే జరిగేది ఇదే. టీవీకి పెట్టే డబ్బులో కొంత హెచ్‌డీ ప్యాక్‌కో మంచి ఇంటర్నెట్‌కో మళ్లించడం మేలు.

చదువుకునే కుర్రాళ్ల హాస్టల్‌ గదులు, ఒంటిగది అద్దె ఇళ్ల సంగతి వేరు. అక్కడ మంచం మీద నుంచి తెరకి నాలుగైదు అడుగులే. 32 అంగుళాలు చాలు. కానీ ఆ సైజులో చాలా టీవీలు హెచ్‌డీ రెడీవే. ఆరడుగుల లోపు నుంచి చూస్తే వాటిలో చుక్కలు తెలుస్తాయి. ల్యాప్‌టాప్‌ కూడా తగిలించుకోవాలనుకుంటే అక్షరాలు మరీ మసకగా ఉంటాయి. కాస్త వెతికి ఫుల్‌ హెచ్‌డీది తెచ్చుకోవడమే మంచిది. లేదంటే 24, 27 అంగుళాల కంప్యూటర్‌ మానిటర్‌కి ఓ స్ట్రీమింగ్‌ స్టిక్‌ తగిలించుకున్నా పని జరుగుతుంది. ఇల్లు మారేటప్పుడు బ్యాగు పక్కన పట్టుకుపోవచ్చు! మానిటర్లలో చాలావాటికి స్పీకర్లుండవు, అది చూసుకోవాలి.

పక్కనుంచి చూసేవాళ్ల కోసం

ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ... పేర్లు వేరైనా రెండూ ఎల్‌సీడీ తెరలే. వెనక నుంచి ఎల్‌ఈడీ దీపాలు వెలుగునిస్తాయి. క్యూఎల్‌ఈడీలో రంగుల కోసం ఓ అదనపు పొర ఉంటుంది. చిన్న ఇంటికి వీటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. అది ప్యానెల్‌ రకం. వీఏ ప్యానెల్‌లో నలుపు చక్కగా, చిక్కగా ఉంటుంది కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌ ప్యానెల్‌లో నలుపు కాస్త బూడిద రంగులా కనిపించినా ఎటునుంచి చూసినా బొమ్మ ఒకేలా ఉంటుంది. అందరూ ఎదురుగా కూర్చునే బెడ్‌రూమ్‌కి వీఏ. మూలన మంచం మీద ఒకరు, గుమ్మంలో ఒకరు ఉండే హాలుకి ఐపీఎస్‌. షోరూంలో నాలుగడుగులు పక్కకి నడిచి చూస్తే తేడా మీకే తెలిసిపోతుంది.

ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. నలుపు నిజంగా నలుపే. పక్కనుంచి చూసినా బాగుంటుంది. ధర ఎక్కువ. పైగా కదలని బొమ్మలు గంటల తరబడి రోజూ ఉంటే వాటి మచ్చ తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఒకే వార్తల ఛానెల్‌ నడిచే ఇళ్లు మనకి తక్కువేం కాదు కదా... ఆ లోగో, ఆ ఎర్ర పట్టీ! అలాంటి ఇంటికి ఎల్‌సీడీ రకమే నిశ్చింత.

ఎత్తు, ఎండ, గోడ

టీవీని ఫొటో ఫ్రేములా పైకి తగిలించడం మనకో అలవాటు. అలా తగిలిస్తే రెండు గంటల సినిమాకి రెండు రోజుల మెడనొప్పి. సోఫాలో కూర్చున్నప్పుడు మన కన్ను నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. తెర మధ్యభాగం అక్కడుండాలి. 50 అంగుళాల టీవీ అయితే కింది అంచు రెండున్నర అడుగుల దగ్గరికొస్తుంది. ఎక్కువమంది చాప మీదే కూర్చునే ఇల్లయితే ఇంకాస్త దించొచ్చు. పడుకుని చూసే బెడ్‌రూమ్‌లో మాత్రం కొంచెం పైన పెట్టి, కిందికి వంచే స్టాండు వాడాలి.

కిటికీకి ఎదురుగా టీవీ పెడితే పగలు తెర అద్దమైపోతుంది. కిటికీ ముందు పెడితే వెనక వెలుతురుకి బొమ్మ కనిపించదు. కిటికీకి పక్క గోడే సరైన చోటు. ఎదురు గోడ మీది ట్యూబ్‌లైట్‌ కూడా తెరలో మెరుస్తుంది. టీవీ వెనక చిన్న దీపం ఒకటి ఉంటే చీకట్లో చూసినా కళ్లు అలసిపోవు.

ఇక గోడ. ఫ్లాట్లలో లోపలి గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల మందమే. స్విచ్‌బోర్డు పైనా కిందా గోడ లోపల వైర్లుంటాయి, అక్కడ డ్రిల్‌ చేయకూడదు. తేలికపాటి బ్లాకులతో కట్టిన గోడ అయితే మామూలు ప్లాస్టిక్‌ ప్లగ్గులు నిలవవు. వాటికి వేరే రకం కావాలి. బిగించడానికి వచ్చిన అబ్బాయికి గోడ రకం ముందే చెప్పండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగాకే రంధ్రాలు. వద్దంటే కాళ్లతో నిలబడే స్టాండు ఉండనే ఉంది. అయితే ఆ కాళ్లు కొన్ని టీవీలకి రెండు చివర్లా ఉంటాయి. మీ బల్ల అంత పొడవుందో లేదో చూసుకోవాలి.

మాట వినిపించాలి

తెర పలుచబడేకొద్దీ స్పీకర్లకి చోటు తగ్గింది. చాలా టీవీల్లో అవి కిందివైపుకి తిరిగి ఉంటాయి. అందుకే వాల్యూమ్‌ పెంచినా సంగీతమే పెరుగుతుంది, మాటలు స్పష్టంగా ఉండవు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇదే అసలు సమస్య. అంగుళాలు ఓ మెట్టు తగ్గించుకుని ఆ డబ్బుతో చిన్న సౌండ్‌బార్‌ కొంటే వాళ్లకి డైలాగులు వినిపిస్తాయి. పదడుగుల గదికి దడదడలాడే ఊఫర్‌ అక్కర్లేదు. కింది ఫ్లాటువాళ్లు పైకొస్తారు! బ్లూటూత్‌ ఉన్న టీవీ అయితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడొచ్చు. పరీక్షలకి చదివే పిల్లలున్న ఇంట్లో దీని విలువ ఇంతా అంతా కాదు.

దగ్గర్నుంచి చూస్తే కళ్లు పోతాయా?

‘దగ్గర్నుంచి చూడకు, కళ్లు పోతాయి’ అని మన అమ్మలు అరిచినట్టే ప్రపంచంలో అమ్మలందరూ అరిచారు. దానికో కారణమూ ఉంది. 1967లో అమెరికాలో జనరల్‌ ఎలక్ట్రిక్‌ సంస్థ తయారుచేసిన కొన్ని కలర్‌ టీవీల నుంచి పరిమితికి మించి ఎక్స్‌ కిరణాలు వస్తున్నాయని తేలింది. ఇప్పటి పలుచటి తెరల్లో ఆ గొట్టాలే లేవు, కాబట్టి ఆ భయమూ లేదు. దగ్గర్నుంచి చూస్తే కళ్లు అలసిపోతాయి, పొడిబారతాయి కానీ చూపు పోదు. అయితే పిల్లలు మాటిమాటికీ తెర దగ్గరికి జరుగుతుంటే తిట్టి ఊరుకోవద్దు. దూరం కనిపించకపోవడం వల్లే అలా జరుగుతుండొచ్చు. ఓసారి కంటి డాక్టర్‌కి చూపించాలి.

కొనేముందు ఓసారి...

* కన్ను నుంచి తెరకి దూరం, గోడ మీద ఖాళీ స్థలం అడ్డం... ఈ రెండు అంకెలూ రాసుకుని షోరూంకి వెళ్లండి.

* సెట్‌టాప్‌ బాక్స్‌, సౌండ్‌బార్‌, స్టిక్‌... మూడు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే నిశ్చింత. గోడకి తగిలించేవాళ్లు అవి పక్కవైపు ఉన్నాయేమో చూడాలి.

* యాప్‌లు నెమ్మదించాయని టీవీ మార్చక్కర్లేదు. ఓ స్టిక్‌ తగిలిస్తే చాలు. కాబట్టి డబ్బు ముందు తెరకి, తర్వాతే హంగులకి.

* పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. తెర పగిలితే వారంటీ వర్తించదు.

* ఉరుముల వానలో ప్లగ్గుతోపాటు కేబుల్‌ కూడా తీసేయండి.

ఇంతకీ కూకట్‌పల్లి ఇంట్లో ఏం జరిగింది? ఆదివారం పూట అందరూ కలిసి 65 అంగుళాల పేపర్‌ టీవీ అంటించారు. అది ఇటు స్విచ్‌బోర్డునీ అటు దేవుడి అరనీ మింగేసింది. రెంటి మధ్యా ఉన్న జాగా సరిగ్గా నాలుగడుగులు. 55 అంగుళాలదీ పట్టలేదు. 50 అంగుళాలకి కత్తిరిస్తే అటూ ఇటూ రెండేసి అంగుళాలు మిగిలాయి. మిగిలిన డబ్బుతో సౌండ్‌బార్‌, మనవరాలి చదువు కోసం ఓ ఇయర్‌ఫోన్‌ వచ్చాయి. మంచం మీద నుంచి చూస్తే బొమ్మ వెలిసిపోకుండా ఐపీఎస్‌ ప్యానెల్‌ ఏరుకున్నారు.

నాన్నమ్మ మంచం ఆ మూలనే ఉంది. దసరా రోజు సీరియల్‌ మొదలయ్యాక ఆవిడ అన్నమాట ఒక్కటే... ‘ఇన్నాళ్లకి వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వినిపిస్తోందిరా!’